ఒకే సిలిండర్ ఉన్న బైకు ఇంజిన్‌ను పెద్దది చేయిస్తే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

గరిష్ఠ వేగం కోసమైతే ఉండదు. లాగుడు కోసమైతే ఆలోచించవచ్చు.

ఇందులోని ఆకర్షణ ఏమిటంటే, మార్చాల్సింది ఒక్క పిస్టన్, ఒక్క సిలిండరే. పైగా ఘనపరిమాణం సిలిండర్ వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 74 చేస్తే, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) మారకుండానే సుమారు 12 శాతం ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దించే అవసరం తగ్గుతుంది.

అయితే బిల్లు పిస్టన్‌తో ఆగదు. గాస్కెట్లు, మెకానిక్ కూలి, ఇంధన సరఫరా సర్దుబాటు, పెరిగిన టార్క్‌కు (తిప్పే బలానికి) పాతవి జారితే కొత్త క్లచ్ ప్లేట్లు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం నొక్కుకుపోయే మోతాదు) కూడా పెరిగితే ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు కావాల్సి రావచ్చు; లేదంటే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడడం) మొదలై ఆ కొత్త పిస్టనే దెబ్బతింటుంది. పిస్టన్ బరువు పెరిగితే వణుకూ పెరుగుతుంది. వణుకు తగ్గించే బ్యాలెన్సర్ ఉన్నా అది పాత పిస్టన్ బరువుకు లెక్కగట్టినది మరి! వారంటీ, బీమా సంగతి ముందే కనుక్కోండి.

సిలిండర్ ఎలాగూ అరిగి రీబోరింగ్‌కు (లోపలి గోడను మళ్లీ తొలిచి సరిచేయడానికి) వచ్చిందనుకోండి, అప్పుడు లెక్క మారుతుంది. ఇంజిన్ విప్పే కూలి ఎటూ తప్పదు కాబట్టి అదనంగా పడేది ముఖ్యంగా విడిభాగాల తేడా, సర్దుబాటు ఖర్చు. బాగా నడుస్తున్న ఇంజిన్‌నైతే నేను విప్పించను. పాతది అమ్మి, పెద్ద ఇంజిన్ ఉన్న బైకే కొంటాను.