మానిటర్‌లో గేమ్ నడుస్తోంది, హెడ్‌సెట్‌లో మాత్రం చీకటే: సమాధానం

యూఈవీఆర్ (అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లను వీఆర్‌లో చూపించే మోడ్, అంటే గేమ్‌కి జతచేసే అదనపు ప్రోగ్రామ్) గేమ్‌లోకి ఇంజెక్ట్ అయింది, గేమ్ మానిటర్‌లో ఆడుతోంది, స్టీమ్‌వీఆర్ (వాల్వ్ వారి వీఆర్ సాఫ్ట్‌వేర్) తెరిచిన హెడ్‌సెట్‌లో మాత్రం ఏమీ రావడం లేదన్నారు. తప్పు మోడ్‌ది కాకపోవచ్చు. మీ ఓపెన్‌ఎక్స్‌ఆర్ రన్‌టైమ్ (గేమ్ బొమ్మను హెడ్‌సెట్‌కి చేర్చే సాఫ్ట్‌వేర్) ఇంకా మెటా లింక్ (మెటా హెడ్‌సెట్‌ల పీసీ సాఫ్ట్‌వేర్) పేరు మీదే ఉండి ఉంటుంది. విండోస్‌లో ఒకసారికి ఒక్క రన్‌టైమే యాక్టివ్‌గా ఉంటుంది. మీరు ఒక గుమ్మం దగ్గర నిలబడితే బొమ్మ ఇంకో గుమ్మానికి వెళ్తోంది.

1. స్టీమ్‌వీఆర్ సెట్టింగ్స్‌లో ఓపెన్‌ఎక్స్‌ఆర్‌కి వెళ్లి, స్టీమ్‌వీఆర్‌నే రన్‌టైమ్‌గా పెట్టండి.

2. అందరూ మరిచిపోయేది ఇదే. గేమ్ నడుస్తుండగా రన్‌టైమ్ మారిస్తే లాభం లేదు. గేమ్ పూర్తిగా మూయాలి. విండో పోయినా టాస్క్ మేనేజర్‌లో ‘షిప్పింగ్’ అన్న మాటతో ఒక ప్రాసెస్ బతికే ఉంటుంది ఒక్కోసారి. దాన్ని ఎండ్ టాస్క్ చేయండి. (నాకు ఒక సాయంత్రమంతా దీనికే పోయింది.)

3. గేమ్ మళ్లీ తెరిచి, యూఈవీఆర్ ఇంజెక్టర్‌లో (మోడ్‌ని గేమ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్) ఆ షిప్పింగ్ ప్రాసెస్‌నే ఎంచుకోండి, లాంచర్‌ని కాదు. గేమ్ అడ్మిన్‌గా నడుస్తుంటే ఇంజెక్టర్‌నీ అలాగే తెరవాలి.

బొమ్మ వచ్చాక యూఈవీఆర్ మెనూ అడ్డుగా ఉంటే కంట్రోలర్ స్టిక్‌లు రెండూ కలిపి నొక్కండి, పోతుంది.