మీ చర్మం, మీ ప్రశ్నలు: ఎక్సోజోమ్ ద్రవం పైపూతేనా?

ప్రశ్న: నా వయసు 34. మొటిమలు తగ్గి చాలా కాలమైనా బుగ్గల మీద గుంటలు అలాగే ఉన్నాయి. లేజర్ చేసిన వెంటనే ముఖానికి ఎక్సోజోమ్ ద్రవం పట్టిస్తామని, అది మూలకణాల చికిత్సేనని, సూదితో ఎక్కించడం లేదు కనుక దుష్ఫలితాలకు ఆస్కారమే లేదని ఒక సౌందర్య చికిత్సా కేంద్రంలో చెప్పారు. నమ్మవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ ‘మూలకణాల చికిత్స’ అన్న మాటను పక్కన పెట్టండి. మూలకణం అంటే ఇతర రకాల కణాలుగా మారగల, ప్రాణమున్న కణం. ఎక్సోజోము కణమే కాదు. కణాలు తమలోంచి బయటికి వదిలే, కొవ్వు పొర చుట్టుకున్న అతి చిన్న తిత్తి అది. దాని వ్యాసం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. 1980లలో గొర్రె రక్తంలోని పక్వానికి రాని ఎర్రకణాలను పరిశీలిస్తూ వీటిని గుర్తించినప్పుడు, కణం తనకు అక్కరలేని సరుకును గిరాటు వేయడానికి వాడుకునే చెత్తసంచులని భావించారు. వాటిలోని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు పొరుగు కణాలకు సందేశాలుగా పనిచేస్తాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు చర్మ చికిత్సలో వాడుతున్న ద్రవాలలో కొన్నిటిని ప్రయోగశాలలో పెంచిన మూలకణాల నుంచి, కొన్నిటిని ప్లేట్‌లెట్ల నుంచి, మరికొన్నిటిని మొక్కల కణాల నుంచి తీస్తున్నారు. పేరు ఒకటే అయినా సీసాలోని సరుకు ఒకటి కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. చర్మం పైన ఉండే మృతకణాల పొర మందం ముఖం మీద సుమారు 10 నుంచి 20 మైక్రోమీటర్లే అయినా, 500 డాల్టన్లకు మించిన అణుభారం గల పదార్థాలు దానిని దాటడమే కష్టం; అలాంటిది వందల ప్రొటీన్లను మోసుకొచ్చే తిత్తి ఏ గాయమూ లేని చర్మంలోంచి లోపలికి దిగుతుందని ఆశించలేము. అందుకే ముందు లేజర్‌తోనో, సన్నని సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్‌తోనో చర్మానికి వేలాది సన్నని రంధ్రాలు చేసి, అవి పూడుకుపోకముందే ద్రవాన్ని పట్టిస్తారు. మీకు చెప్పిన మాటలో మెలిక ఇక్కడే ఉంది. తలుపు తీసి లోపలికి పంపుతున్నప్పుడు దానిని పైపూత అనడం నాకు సబబుగా తోచదు. చర్మం మీద రాసుకోవడానికి మాత్రమే తయారైన విటమిన్ సి ద్రవాన్ని మైక్రోనీడ్లింగ్‌తో కలిపి వాడినప్పుడు, కొందరి ముఖం మీద నెలల తరబడి తగ్గని ఎర్రని గడ్డలు లేచిన ఉదంతాలను 2014లో వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. ఆ సీసాలో ఎక్సోజోములు లేవు, నిజమే. కానీ రంధ్రాలకు ఆ తేడా తెలియదు.

దీనితో ప్రయోజనమే లేదని నేను అనడం లేదు. మీ సమస్యకు దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. మొటిమల గుంటలున్న 25 మందికి ముఖమంతటా ఫ్రాక్షనల్ లేజర్ (చర్మం మీద చుక్కలు చుక్కలుగా పడే లేజర్) చేసి, ఒక వైపు కొవ్వు మూలకణాల ఎక్సోజోములను, రెండో వైపు అవి లేని ద్రవాన్ని పట్టించారు. 12 వారాల తర్వాత ఎక్సోజోములు వాడిన వైపు గుంటల తీవ్రత సుమారు 32 శాతం, రెండో వైపు సుమారు 20 శాతం తగ్గింది. ఎరుపు కూడా మొదటి వైపే తక్కువగా ఉంది. తేడా ఉన్నమాట వాస్తవమే. అయితే ఆ 32 శాతంలో 20 శాతం లేజర్ పనితనమేనని గమనించండి. పైగా 25 మందితో జరిగిన ఒక్క పరీక్ష, అదీ ఒక్క రకం ద్రవంతో, మార్కెట్‌లోని ప్రతి సీసాకూ యోగ్యతాపత్రం కాజాలదు.

అమెరికాలో ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో ఎక్సోజోమ్ ఉత్పత్తుల గురించి ప్రజలను హెచ్చరించింది. తాను ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అప్పుడే స్పష్టం చేసింది. ఐరోపా సమాఖ్య నిబంధనలు మానవ కణాల నుంచి తీసిన పదార్థాలను సౌందర్య సాధనాలలో అనుమతించవు. కాబట్టి ఆ కేంద్రానికి మళ్ళీ వెళ్ళినప్పుడు సీసా చూపించమని అడగండి. మూలం ఏమిటో, సూక్ష్మజీవులు లేవని పరీక్షించారో లేదో, చర్మం మీద వాడేందుకే తయారైనదా, గాయమైన చర్మానికి కూడా తగినదా అన్నది లేబుల్ మీద చదవండి. సీసా ఇవ్వడానికి తటపటాయిస్తే లేచి వచ్చేయండి.

ఇంకొక్క మాట. అద్దం ముందు, వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి, గుంటకు అటూ ఇటూ రెండు వేళ్ళు పెట్టి చర్మాన్ని మెల్లగా సాగదీయండి. సాగదీసినప్పుడు గుంట మాయమైతే అడుగున నార పోగులు చర్మాన్ని కిందికి లాగి పట్టి ఉండవచ్చు. ఆ పోగులను సూదితో తెంచే సబ్‌సిషన్ అనే పద్ధతి ఉంది, ఆ పని ఏ ద్రవమూ చేయలేదు. సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా ఉన్న గుంటలకు గాఢమైన టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్) ఆమ్లాన్ని చుక్కగా పెడతారు. మీవి ఏ రకమో చర్మవైద్యుల చేత తేల్చుకున్నాకే ఎక్సోజోముల సంగతి ఆలోచించండి.

ప్రశ్న: ఎక్సోజోమ్ సీరం కొని ఇంట్లోనే డెర్మా రోలర్‌తో (సన్నని సూదులున్న చిన్న చక్రంతో) వాడుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వద్దు. సీరం ఒక్కటే రాసుకుంటే చర్మం తేమగా అనిపించవచ్చు, అంతకు మించి ఆశించకండి. రోలర్ తిప్పిన చర్మం మీద మాత్రం అసలు రాయవద్దు. ఇప్పటికే రాసి ఉండి, ఎరుపో గడ్డలో తగ్గకుండా ఉంటే ఆ సీసాను వెంట పెట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి.