తుగ్లక్‌కు ఆ పేరు, ఇబ్రహీంకు ఈ పేరు

ప్రశ్న: అర్థంపర్థం లేని జీవో వస్తే ‘తుగ్లక్ పని’ అంటాం. మా కోయిలకొండ దారిన వచ్చి గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షానేమో మల్కిభరాముడని మెచ్చుకుంటాం. సుల్తానులకు ఈ పేర్లు ఎట్లా వస్తాయి?
– ఒక పాఠకుడు, కోయిలకొండ, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: రాసినవాడు ఎవరి ఉప్పు తిన్నాడో ముందు చూడండి. మహమ్మద్ బిన్ తుగ్లక్ (1325–1351) గురించి చెప్పినవాళ్లలో ముఖ్యులు ముగ్గురు. కవి ఇసామీ కుటుంబాన్ని సుల్తాను ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు తరలిస్తే, ముసలి తాత దారిలోనే చనిపోయాడు. పైగా ఇసామీ కావ్యం రాసింది, తుగ్లక్‌పై తిరగబడి గద్దెనెక్కిన బహమనీ సుల్తాను నీడన. చరిత్రకారుడు బరనీ పదిహేడేళ్లు తుగ్లక్ కొలువు చేసి, తర్వాతి సుల్తాను కాలంలో ఆదరణ పోయి, పేదరికంలో రాశాడు. ఢిల్లీలో ఖాజీగా (న్యాయాధికారిగా) జీతం తీసుకున్న యాత్రికుడు ఇబ్న్ బతూతా, మొరాకో చేరాక, సుల్తాను పోయాకే నోరు విప్పాడు. అందుకే అతని దానాలనూ, క్రూరత్వాన్నీ పక్కపక్కనే చెప్పగలిగాడు.

ఇక నాణేల సంగతి. 1330 ప్రాంతంలో తుగ్లక్ రాగి, ఇత్తడి నాణేలను వెండి టంకా (అప్పటి వెండి నాణెం) విలువకు చలామణిలో పెట్టాడు. చైనాలో అప్పటికే కాగితపు డబ్బు నడుస్తోంది కాబట్టి, దీన్ని పిచ్చి ఆలోచన అనలేం. తప్పు తయారీలో జరిగింది. నకలు చేయడానికి వీల్లేని గుర్తేదీ వాటి మీద లేదు, పనితనం ఉన్న ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. జనం దొంగ నాణేలతో శిస్తు కట్టి వెండి దాచుకున్నారు. రెండుమూడేళ్లకే వాటిని వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి చెల్లించాడు. ఆ దెబ్బ ఎక్కువగా ఖజానాకే తగిలింది. గంగా యమునల నడుమ శిస్తు పెంచి, కరువులోనూ వసూలు చేయించడం మాత్రం రైతును నిలువునా ముంచింది. నన్నడిగితే అతని మీద అసలు నేరం అదే, సామెతకెక్కింది మాత్రం నాణెం.

ఇబ్రహీం 1543 నుంచి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు అక్కడే పట్టుబడింది. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. కృతిపతిని పొగడటం కవికి మర్యాద, దాన్ని అట్లాగే చదవాలి. ఆదరించిన రామరాయల మీదికే 1565లో కూటమి కట్టి వెళ్లింది కూడా ఈ ఇబ్రహీమే. అయినా ఆయన మంచిపేరు ఒట్టి పద్యాల మీద నిలవలేదు. హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం చెరువు ఆయన కాలానివి. మీ కోయిలకొండలో 1550 నాటి తెలుగు శాసనమూ ఉంది. ఇబ్రహీం గద్దెనెక్కిన ఏడాదే, ఆయనకు విధేయులుగా ఉంటామని చేసిన ప్రమాణం అందులో ఉంది. పద్యాల కంటే ముందు దాన్ని చదవండి.