కేవీఎం గెస్ట్‌లో టైమర్లు, సేవ్ చేసి లేపాక వెనకబడే గడియారం

పర్లాకిమిడి నుండి మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే ఏర్పాటు) కింద లినక్స్ బూట్ అయ్యేటప్పుడు టైమర్లను ఎలా సిద్ధం చేసుకుంటుంది? కరెంటు పోగానే వర్చువల్ మెషీన్‌ను సేవ్ చేసి, వచ్చాక తిరిగి లేపితే గెస్ట్ (అంటే ఆ వర్చువల్ మెషీన్) గడియారం ఎందుకు వెనకబడుతుంది? బరంపురంలోని మా ల్యాబ్‌లోనూ వేసవంతా ఇదే తంతు కనుక, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్ల వరకు నాకు అనుభవమైనది రాస్తున్నాను.

మామూలు యంత్రంలో టీఎస్‌సీ (ప్రాసెసర్‌లో నిరంతరం పెరుగుతూ ఉండే లెక్కింపు సంఖ్య) వేగం వేరే దారిలో తెలియనప్పుడు, కెర్నెల్ (లినక్స్ మూలభాగం) సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకునే పిట్ అనే పాత హార్డ్‌వేర్ టైమర్‌ను ఆధారంగా తీసుకుని, అది కొన్ని మిల్లీసెకన్లు లెక్కించేలోగా టీఎస్‌సీ ఎంత పెరిగిందో కొలుస్తుంది. గెస్ట్‌లో ఈ కొలతను నమ్మలేము. కొలత నడుమ హోస్ట్ (గెస్ట్‌ను నడిపే అసలు యంత్రం) గెస్ట్‌కు ఇచ్చిన వర్చువల్ సీపీయూను పక్కన పెట్టి వేరే పని చూసుకున్నా గెస్ట్‌కు తెలియదు. అందుకే గెస్ట్ కెర్నెల్ టీఎస్‌సీ వేగాన్ని హోస్ట్‌నే అడిగి తెలుసుకుంటుంది. ప్రతి వర్చువల్ సీపీయూ తన మెమరీలో కొంత చోటు చూపించి, దాని చిరునామాను ఎంఎస్ఆర్ అనే ఒక ప్రత్యేక సీపీయూ రిజిస్టర్‌లో రాస్తుంది (ఆ ఎంఎస్ఆర్ సంఖ్యలో కె, వి, ఎం అక్షరాల ఆస్కీ సంకేతాలే ఉంటాయి, చిలిపితనం ఎవరిదో గానీ). హోస్ట్ అక్కడ ఒక టీఎస్‌సీ విలువను, ఆ క్షణానికి గడిచిన నానోసెకన్లను, టీఎస్‌సీని నానోసెకన్లుగా మార్చే గుణకాన్ని ఉంచుతుంది. పక్కనే ఉండే వెర్షన్ సంఖ్య బేసి అయితే హోస్ట్ ఇంకా రాస్తున్నదని అర్థం. చదవకముందు, చదివాక ఆ సంఖ్య ఒకటే సరి సంఖ్యగా ఉంటేనే గెస్ట్ ఆ విలువలను స్వీకరిస్తుంది.

ఇదే కేవీఎం-క్లాక్. ఇది ఎంత కాలం గడిచిందో మాత్రమే చెబుతుంది; అలారం మోగించే పని ప్రతి సీపీయూకు ఉండే లోకల్ ఏపిక్ టైమర్‌ది. ప్రస్తుత క్లాక్‌సోర్స్‌గా (కెర్నెల్ సమయం చదివే ఆధారంగా) టీఎస్‌సీ కనిపించినా కంగారు పడనక్కరలేదు. టీఎస్‌సీ స్థిరమైనదని తేలితే, కెర్నెలే కేవీఎం-క్లాక్ రేటింగును (ఎక్కువ ఉన్నదే ఎంపికవుతుంది) 400 నుండి 299కి దించి, 300 ఉన్న టీఎస్‌సీకి దారి ఇస్తుంది.

ఇక మీ అసలు బాధకు బూట్ సమయపు ఏర్పాట్లతో సంబంధం లేదు. సేవ్ చేసిన మెషీన్‌ను లేపినప్పుడు క్యూఎము (హోస్ట్‌లో గెస్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) గడియారాన్ని ఆగిన చోటి నుండే నడిపిస్తుంది. గెస్ట్ తాను ఆగినట్టు ఎరగదు కనుక ఆర్టీసీని (తేదీ, సమయం ఉంచే హార్డ్‌వేర్ గడియారాన్ని) మళ్లీ చదవదు. కేవీఎం-క్లాక్‌ను ఆపేయమని కొందరు ఇచ్చే సలహా వల్ల ఇది తీరదు. గెస్ట్‌లో హోస్ట్ సమయాన్ని అందించే పీటీపీ-కేవీఎం అనే కెర్నెల్ మాడ్యూల్ ఎక్కించి, అది చూపే పీటీపీ పరికరాన్ని గడియారం సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్‌కు ఆధారంగా ఇవ్వండి. ఇంటర్నెట్ లేకపోయినా హోస్ట్ సమయం అందుతుంది. క్రోనీ ఆకృతీకరణలో మేక్‌స్టెప్ అనే అమరికలో రెండో విలువ సాధారణంగా 3గా ఉంటుంది, అంటే మొదటి మూడు సవరణలలోనే అది గడియారాన్ని ఒక్కసారిగా జరపగలదు. దానిని -1 చేస్తే, ఎన్ని గంటల తరువాత లేపినా సమయం వెంటనే సరిపడుతుంది.