ఏడు ట్రేల పులిహోర

ప్రశ్న: మేము ఒహాయో వచ్చి తొమ్మిది నెలలైంది. మా చుట్టుపక్కల నలభై తెలుగు కుటుంబాలున్నాయి. ఈసారి బతుకమ్మను మేమే జరుపుకుందామని వాట్సాప్ గ్రూపు పెట్టాం. నెల రోజులుగా సందేశాలే సందేశాలు, ఇంతవరకు హాలు కూడా కుదరలేదు. ఏదైనా సంఘం రిజిస్టరు చేయించుకోవాలా?

జవాబు: వద్దమ్మా. నలభై ఇళ్ల పండుగకు అధ్యక్షుడు, కార్యదర్శి ఎందుకు? పదవులు పుట్టిన చోట పండుగకన్నా ముందు తగాదా వస్తుంది. మీకు కావలసింది ఒక గూగుల్ షీట్, అంటే లింకు ఉన్నవాళ్లంతా కలిసి రాసుకోగల పట్టిక. గ్రూపును కబుర్లకు వదిలేయండి, పనిని షీట్‌లోకి తెచ్చుకోండి.

నేను వచ్చిన కొత్తలో ఇవేవీ లేవు. ఒకరు ఐదుగురికి ఫోను చేస్తే, ఆ ఐదుగురు తలా ఐదుగురికి చేసేవారు. "ఏం తేవాలి?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ మర్యాదగా "ఏదైనా పరవాలేదండీ" అని చెప్పాం. ఏడు ట్రేల పులిహోర వచ్చింది. పెరుగన్నం లేదు, పేపరు ప్లేట్లు అసలే లేవు. అట్టపెట్టెలు చింపి వాటి మీద వడ్డించుకున్నాం. వాట్సాప్ వచ్చాక కూడా ఆ "ఏదైనా పరవాలేదు" మారలేదు, వెయ్యి మందికి ఒకేసారి చేరుతోంది, అంతే.

షీట్‌లో ఇంటికొక వరుస రాయకండి, పనికొక వరుస రాయండి. "పూలు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పక్కన ఎవరూ తమ పేరు రాయరు. గునుగు, తంగేడు ఇక్కడ సులువుగా దొరకవు కాబట్టి బంతి ఎవరు, చామంతి ఎవరు, దుకాణంలో ముందుగా చెప్పి ఉంచేది ఎవరు అని విడగొట్టండి. పెరడున్నవాళ్లకు "మేలో బంతి నారు" అని ఒక వరుస పెట్టండి. మంచు పడేదాకా పూస్తుంది, పండుగకు చేతికందుతుంది. సద్దులు కూడా అంతే: నువ్వుల పొడి, చింతపండు పులిహోర, పెరుగన్నం వేర్వేరు వరుసలు. పక్కన "పల్లీ, జీడిపప్పు ఉన్నాయా?" అని ఒక గడి తప్పనిసరి. ఇక్కడి పిల్లల్లో వాటి ఎలర్జీ ఉన్నవారు కొందరుంటారు.

ఖాళీ గడికి ఒక మహత్తు ఉంది. గ్రూపులో ఒక్క మాట రాయని మనిషి చేత కూడా అది పేరు రాయిస్తుంది. ఒక ఏడాది "బతుకమ్మ పేర్చడం నేర్పేవారు" అనే వరుస చాలా రోజులు ఖాళీగా ఉంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారి పేరును ఒక కోడలు అక్కడ రాసింది. ఆ పెద్దావిడకు ఫోనులో టైపు చేయడం కూడా రాదు. ఆ రోజు పిల్లలంతా ఆవిడ చుట్టూనే కూర్చున్నారు.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే సేవ)లో ఒక్కరికే పంపండి, కానీ లెక్క అందరికీ కనిపించాలి: వచ్చింది, పోయింది, రసీదు ఫొటో. జెల్‌లో వెళ్లిన డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. మొదట ఒక డాలరు పంపి, అందిందని ఫోనులో నిర్ధారించుకున్నాకే మిగతాది పంపమనండి. పాఠశాల హాలు తీసుకుంటే అద్దెతో పాటు ఒక్కరోజు ఇన్సూరెన్స్ పత్రం కూడా అడగవచ్చు. దాని ఖర్చు ముందే లెక్కలో వేయండి.

లింకు ఉన్న ఎవరైనా మార్చగలిగేలా షీట్ పెడితే ఎవరో ఒకరు పొరపాటున సగం చెరిపేస్తారు. కంగారు పడకండి, పాత ప్రతులు లోపల భద్రంగానే ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోను నంబర్లు, పిల్లల పేర్లు మాత్రం అందులో రాయనివ్వకండి. వాటికి గూగుల్ ఫారం పెట్టి, జవాబులు ఇద్దరికే కనిపించేలా ఉంచుకోండి.

ఇక నిమజ్జనం. పార్కు చెరువులో వేయాలంటే అనుమతి కావాలి. మేము పిల్లలు ఆడుకునే గాలితొట్టిలో నీళ్లు పోసి కానిస్తాం. తొట్టి తెచ్చేవారు దొరుకుతారు, నీళ్లు నింపేవారూ దొరుకుతారు. "తొట్టి ఖాళీ చేయడం, చెత్త సంచులు మోయడం" అనే వరుస దగ్గర మాత్రం చివరి దాకా ఎవరి పేరూ పడదు. అక్కడ మీ ఇంటాయన పేరు ఈ రాత్రే రాసేయండి, ఆయనకు తర్వాత చెప్పవచ్చు.