తెల్లదొర లేని బెజవాడ

ప్రశ్న: 1942 నుంచి 1947 దాకా బెజవాడ నేపథ్యంగా నవల రాస్తున్నాను. హీరో రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు. మొదట్లో తెల్ల కలెక్టరు కృష్ణ ఒడ్డున జనాన్ని కొరడాతో కొడతాడు. చివర్లో స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి అందరూ రేడియోలో నెహ్రూ ప్రసంగం విని, పండువెన్నెల్లో బ్యారేజి మీద ఊరేగింపుగా నడుస్తారు. మావారు చదివి సినిమాలా ఉందన్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?
- ఒక పాఠకురాలు, పట్నంబజారు, గుంటూరు

జవాబు: చిన్నవి ముందు చెప్పేస్తానమ్మా. బ్యారేజి 1957లో పూర్తయింది. మీ కథాకాలంలో అక్కడున్నది కాటన్ దొర నాటి పాత ఆనకట్ట. అవతలి ఒడ్డుకి మీవాళ్లను రైల్లోనో పడవలోనో పంపండి. బెజవాడలో రేడియో కేంద్రం 1948 డిసెంబరులో పెట్టారు. అంతకుముందు మద్రాసో ఢిల్లీయో పట్టాలి, అదీ సెట్టున్న ఇంట్లో. నెహ్రూ మాట్లాడింది ఇంగ్లీషులో కాబట్టి గ్యాంగ్‌మన్ ఇంటివాళ్లకు పక్కనెవరైనా చెప్పాల్సిందే. ఇక వెన్నెల. 1947 ఆగస్టు 15 శుక్రవారం, మర్నాడు అమావాస్య. ఆ రాత్రి చంద్రుడు లేడు. ఊరేగింపుకి పెట్రోమాక్స్ లైట్లు పెట్టుకోండి.

ఇవన్నీ ఒక పూటలో సరిచేసుకోవచ్చు. అసలు చిక్కు మీ కలెక్టరుతోనే.

కృష్ణా జిల్లా కలెక్టరు ఉండేది బందరులో. బెజవాడలో ఉండేది సబ్‌కలెక్టరు. అప్పటికి ఐసీఎస్‌లో, అంటే ఇప్పటి ఐఏఎస్ లాంటి కొలువులో, మన దేశస్థులూ బాగానే చేరారు. మీ కుర్రాడికి తెల్లవాడి మొహం ఎక్కడ కనబడుతుంది? స్టేషన్లో ఫస్టుక్లాసు పెట్టె కిటికీలో, లేదంటే యుద్ధానికి పోయే సోల్జర్ల బండిలో. వాడి వీపు మీద పడే లాఠీ మాత్రం తెలుగు కానిస్టేబుల్ చేతిలోది. శిస్తు కట్టని రైతు గుమ్మం ముందు నిలబడేవాడు మునసబు, లెక్క రాసేవాడు కరణం. బ్రిటిష్ రాజ్యం మన ఊళ్లలో మన మొహాలతోనే తిరిగింది. దాన్ని పక్కనపెట్టి కొరడా తెల్లవాడి చేతికిస్తే కథ తేలికైపోతుంది, నిజం జారిపోతుంది.

మా తాతగారు తెనాలి తాలూకాలో మునసబు. ముందు గదిలో గాంధీగారి పటం ఉండేది. రెవెన్యూ ఇనస్పెక్టరు వస్తున్నాడని తలారి కబురు తెస్తే నాయనమ్మ పటం తీసి వడ్లగదిలో పెట్టేది, ఆయన వెళ్లాక మళ్లీ తగిలించేది. తాతగారు ఒక్కసారీ వద్దనలేదు, ఉద్యోగమూ వదల్లేదు. ఆయన్ని దుర్మార్గుడని నేను అనలేను, దేశభక్తుడనీ అనలేను. అటువంటి మనిషిని మీ నవలలోకి రానివ్వండి.

మీ చేతిలో అంతకన్నా మంచి సరుకుంది, మీరు చూసుకోలేదు. హీరో తండ్రి గ్యాంగ్‌మన్! క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్ తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. రణరంగ చౌక్‌లో నేటికీ వాళ్ల స్మారకం ఉంది. ఆ కబురు బెజవాడలో మొదట చేరేది రైల్వేవాళ్లకే. కుర్రాడి స్నేహితులు పట్టాలు పీకుదాం రమ్మంటారు. తండ్రి బతుకంతా ఆ పట్టాలు బిగించడమే. పైగా ఆయన్ని యూనియన్ మనిషిని చేయండి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం అంతకు ముందు నెలలోనే ఎత్తేశారు. ఇది ప్రజాయుద్ధం, రష్యా మీద హిట్లర్ పడ్డాడు, ఇప్పుడు రైళ్లు ఆపకూడదన్నది పార్టీ మాట. కొడుక్కి అది ద్రోహంలా వినిపిస్తుంది. తండ్రికి కొడుకు చేయబోయేది పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే. ఒకే పూరింట్లో, రేషను కిరసనాయిలు దీపం దగ్గర, ఆ రాత్రి వాళ్లు ఏం మాట్లాడుకుంటారు? ఈ ఘర్షణ మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో నడిచింది, మన కథల్లో రావాల్సినంత రాలేదని నా బాధ.

డబ్బు విషయం ఒకటుంది. తల్లి కొంగున కట్టుకునేవి అణాలు, బేడలు, పావలాలు. చిల్లు కానీ 1943లో గానీ రాలేదు, మొదటి అధ్యాయంలో వాడకండి. బియ్యం శేర్లలో, బెల్లం వీశెల్లో కొనిపించండి.

కొరడా సీను తీసేసి, పట్టాలు పీకిన మర్నాడు వాటిని బిగించే డ్యూటీ ఆ తండ్రికే పడినట్టు రాసి చూడండి. ఆయన వెళ్తాడో లేదో తేలాక ఆ అధ్యాయం నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.