మొరాయించే పాత కబ్ క్యాడెట్‌కి వైద్యం: అబ్బాయికి బాబాయి ఉత్తరం

చిరంజీవి నాన్నాకి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. బండి కబ్ క్యాడెట్ 122, అంటే తోటలో పచ్చిక కోసే చిన్న ట్రాక్టరు. స్టార్టు కావడానికి మొరాయిస్తోంది, స్టార్టయినా ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది, అదీ నీ గోడు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు 1960ల నడుమ చేసినది. ఇంజను కోలర్ కె301, ఒకే సిలిండరు, 12 హార్స్‌పవర్. "కార్బొరేటర్ పోయింది, అంతే" అని అమ్మినాయన అన్నాడన్నావు. ఆ మాట పక్కన పెట్టు. ఈ పాత బళ్లలో "కార్బొరేటర్ పోయింది" అన్నవి చాలావరకు చివరికి పాయింట్ల (స్పార్కు కోసం కరెంటుని తెంపి కలిపే చిన్న స్విచ్చి) దగ్గరో, ఎర్త్ వైరు దగ్గరో తేలతాయి. ఇంకో సంగతి: ఇంటర్నెట్లో ట్యూనప్ కిట్టు ఆర్డరు పెట్టేశానన్నావు. వస్తే రానీ, కానీ డబ్బా విప్పకు. ఏది పోయిందో తేలకుండా నాలుగు భాగాలు ఒకేసారి మార్చితే, బండి నడిచినా ఏది బాగుపడిందో తెలియదు. నడవకపోతే కొత్తవాటిలో ఏది చెడ్డదో అసలే తెలియదు.

ముందు ఆయిల్. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే, లేదా గుర్తు దాటి పైకి ఉంటే, కార్బొరేటర్ సూది కారి పెట్రోలు ఇంజనులోకి దిగిందన్నమాట. ఆ ఆయిల్‌తో ఒక్క తిప్పు కూడా తిప్పకు. ఈ ఇంజనుకి ఆయిల్ పంపు లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున గరిటెలాంటి ముక్క ఉంటుంది, అది ఆయిల్‌ని చిమ్మితేనే రాడ్‌కీ బోరుకీ తడి. రాడ్ అల్యూమినియంది. ఆయిల్ తగ్గినా పలచబడినా అది క్రాంకుకి పట్టేసి విరుగుతుంది, విరిగిన ముక్క బ్లాకుకి చిల్లు పెడుతుంది. పాత ఆయిల్ వదిలేసి ఎస్ఏఈ 30 (30 అనేది ఆయిల్ చిక్కదనపు నంబరు) పొయ్యి. డబ్బా మీది లెక్క కాదు, డిప్‌స్టిక్ గుర్తే లెక్క. బండి సమతలంగా ఉండాలి. నడుస్తున్న రోజుల్లో ప్రతి ట్యాంకుకీ ఒకసారి చూసుకో, 25 గంటలకి మార్చు.

తర్వాత పైరేకు విప్పు, అంటే సిలిండరు మీద, ఫ్లైవీల్ చుట్టూ ఉన్న గాలి రేకు. మూడో ఫోటోలో ఫ్లైవీల్ జాలీ మీద ఎండుగడ్డి కనపడుతోంది. జాలీ మీదే అంత ఉంటే లోపల ఫిన్‌ల (సిలిండరుని చల్లార్చే రెక్కలు) మధ్య ఎలుక గూడు ఉన్నా ఆశ్చర్యపోకు. ఇది గాలితో చల్లబడే ఇంజను. ఫిన్‌లు మూసుకుపోతే హెడ్ (సిలిండరు పైమూత) వంగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు సీటు వదులై బయటికొస్తుంది. గట్టి బ్రష్షూ కంప్రెసర్ గాలీ చాలు, నీళ్లు కొట్టకు. ఈ ఒక్క పని చాలామంది చేయరు, రేకు విప్పడానికి బద్ధకం. తర్వాత ఇంజను పాడైందంటారు.

ఇప్పుడు తాళం తిప్పు. నెమ్మదిగా తిరుగుతోందా, టక్కుమని ఆగుతోందా? నీ బండిలో స్టార్టరూ జనరేటరూ ఒకటే, బెల్టు మీద తిరుగుతుంది. బెల్టు వదులైతే బ్యాటరీ ఎంత కొత్తదైనా ఇంజను తిరగదు. మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. సరిగానే ఉంటే మల్టీమీటరు తియ్యి. నిండుగా చార్జయి, ఏ లోడూ లేని బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీ బలహీనమని అనుకో. దిగకపోయినా నెమ్మదిగా తిరిగితే తప్పు మధ్యలో ఉంది: మీటరు ఒక కాలు బ్యాటరీ ప్లస్ మొన మీదా, రెండోది స్టార్టరు టెర్మినల్ మీదా పెట్టి తాళం తిప్పు. అర వోల్టు మించి చూపితే ఆ దారిలో తుప్పు పట్టిన జాయింటో, కాలిన సోలనాయిడో (స్టార్టరుకి కరెంటు వదిలే స్విచ్చి) ఉంది. అలాగే మైనస్ మొన నుంచి ఇంజను బ్లాకు దాకా. నీ ఫోటోలో ఎర్త్ కేబుల్ రంగేసిన రేకు మీద బిగించి ఉంది. రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించు.

రెగ్యులేటరో (బ్యాటరీ చార్జింగుని అదుపు చేసే పెట్టె) జనరేటరో తీసి మళ్లీ బిగించినప్పుడు మరిచిపోకూడనిది ఒకటుంది: పోలరైజ్ చేయడం. ఇంజను ఆగి ఉండగా రెగ్యులేటరు మీది బ్యాట్, జెన్ అన్న రెండు టెర్మినళ్లకి చిన్న వైరు ఒక్క క్షణం తాకించి తీసెయ్యి. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఇది చేయకపోతే జనరేటరు ఉల్టా చార్జి చేసి రెగ్యులేటరులోని కట్-అవుట్ స్విచ్చి పాయింట్లని కాల్చేస్తుంది.

ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు స్పార్కు. ప్లగ్ తీసి, పెట్రోలు దూరంగా పెట్టి, బ్లాకుకి ఆనించి చూడు. ప్లగ్ ఛాంపియన్ హెచ్10సి, గ్యాప్ 35 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). స్పార్కు నీలంగా, చప్పుడుతో రావాలి. ఎర్రగా సన్నగా వస్తే బలం చాలదు. అసలు రాకపోతే ముందు తాళం ఆన్ చేసి కాయిల్ (బ్యాటరీ వోల్టుని స్పార్కుకి సరిపడా పెంచేది) ప్లస్ దగ్గర 12 వోల్టులు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే కథ కాయిల్‌ది కాదు, స్విచ్చిలదీ వైర్లదీ. ఈ బళ్లు చేతులు మారే కొద్దీ ఎవరో ఒకరు సేఫ్టీ స్విచ్చిలని ముక్క వైరుతో కట్టేసి ఉంటారు. వాటిని విప్పి మళ్లీ సరిగా కట్టు. గేరులో ఉండగా స్టార్టయ్యే బండి పిల్లలున్న ఇంట్లో ఉండకూడదు.

కాయిల్‌కి కరెంటు వస్తుంటే పాయింట్లు చూడు. మన బజాజ్ స్కూటర్లలో మెకానిక్కులు ప్లాటినం అనేవాళ్లే, అవే ఇవి. వాటికి ఫ్లైవీల్ ఊడదీయనక్కర్లేదు, ఇంజను పక్కన చిన్న రేకు మూత కింద ఉంటాయి. మూత తీస్తే రెండు చిన్న పలకలు ఒకదానికొకటి ఎదురుగా. ఒకదాని మీద చిన్న మొటిమా, ఎదురుదాని మీద గుంటా ఉంటే కండెన్సరు (పాయింట్ల మధ్య నిప్పురవ్వని అణిచే చిన్న డబ్బా) పోయినట్టు, పాయింట్లతో పాటు అదీ మార్చు. నూనె తడి ఉంటే వాటిని తోసే పుల్ల రంధ్రం నుంచి ఆయిల్ కారుతోంది. అది చాలాసార్లు బ్రీదరు (ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయి ఇంజనులో ఒత్తిడి పెరగడం వల్ల. బ్రీదరు విప్పి కడుగు, లేకపోతే కొత్త పాయింట్లూ నెలకే నానిపోతాయి. డబ్బాలోంచి తీసిన కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూత ఉంటుంది. దానితో బిగిస్తే స్పార్కు రాదు, మనం కాయిల్‌ని తిట్టుకుంటాం. మెరుపు లేని మామూలు విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే పోతుంది.

గ్యాప్ 20 థౌ, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట. అది పొయ్యి మీద కుండ పెట్టడం మాత్రమే, వంట టైమింగ్‌లో, అంటే స్పార్కు ఏ క్షణాన పడుతుందన్నదానిలో ఉంది. కాయిల్ నుంచి పాయింట్ల వైరు తీసి మీటరు బీప్ మీద పెట్టు, ఒక కాలు ఆ వైరుకి, ఇంకోటి ఇంజనుకి. ప్లగ్ తీసి ఇంజనుని అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పు. చూసే రంధ్రంలో ఫ్లైవీల్ మీది ‘ఎస్’ గుర్తు నడిమికి వచ్చిన క్షణాన బీప్ ఆగాలి. అది పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు. ముందే ఆగితే గ్యాప్ కొద్దిగా తగ్గించు, ఆలస్యమైతే పెంచు. టైమింగ్ ముందుకెళ్తే స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎదురు తన్నుతుంది. వెనక పడితే బలం ఉండదు, సైలెన్సరు ఎర్రబారుతుంది. సుద్దతో గుర్తు రాసి ఉంచితే చీకట్లో కళ్లు చికిలించనక్కర్లేదు.

స్పార్కు బాగుంటే ఇక పెట్రోలు, మీ అమెరికాలో గ్యాస్ అనేది. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలోకి వదులు. ట్యాంకు కింద గాజు గిన్నె ఉందా, ముందు దాన్ని కడుగు. ధార సన్నగా ఉంటే పైపే మార్చు. ఆనాటి రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోలుకి మెత్తబడి లోపల పొరలు ఊడుతుంది. పావు అంగుళం పైపు, ఇథనాల్‌కి పనికొచ్చేదే అడుగు. నిలవున్న పెట్రోలుని బండిలో వదలకు, వార్నిషు వాసన వస్తే పారబొయ్యి. గ్యారేజీలో, పైలట్ మంట వెలుగుతున్న వాటర్ హీటరు పక్కన ఈ పని వద్దు.

కార్బొరేటర్‌కి రెండు సూదులు. లోపలికి మెల్లగా తాకేదాకా తిప్పి (బిగిస్తే మొన మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా కుదరదు) మెయిన్ 2 చుట్లు, ఐడిల్ ఒకటింబావు చుట్టు వెనక్కి. ఇవి స్టార్టవడానికే. వేడెక్కాక పూర్తి థ్రాటిల్ మీద మెయిన్ లోపలికి తిప్పుతూ పో, ఇంజను మందగిస్తుంది. బయటికి తిప్పుతూ పో, మళ్లీ మందగిస్తుంది. రెండింటి నడుమ, కాస్త బయటివైపు ఆపు. సెట్టింగు సరిగా ఉన్నా ఇంజను ఊగుతూ, పడుతూ లేస్తూ ఉంటే థ్రాటిల్ ఇరుసు అరిగి గాలి పీల్చుతోందేమో. అక్కడ క్లీనర్ స్ప్రే చేస్తే చప్పుడు మారుతుంది. దానికి బుషింగే (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) మందు, సూదులతో తగ్గదు. గవర్నరు (ఇంజను వేగాన్ని అదుపులో పెట్టేది) స్ప్రింగు జోలికి మాత్రం పోకు, ఈ ఇంజనుకి నిమిషానికి 3600 చుట్లు దాటితే రాడ్‌కే ముప్పు.

ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతోందన్నావు. ఆగిన వెంటనే, చల్లారకముందే, రెండు పనులు చెయ్యి. ట్యాంకు మూత వదులు చెయ్యి. "ఫుస్" మని గాలి లాగితే మూతలోని చిన్న రంధ్రం మూసుకుపోయింది, అదే రోగం. లేకపోతే వెంటనే ప్లగ్ దగ్గర స్పార్కు చూడు. చల్లగా ఉన్నప్పుడున్న స్పార్కు వేడిలో లేకపోతే కాయిలో కండెన్సరో. ముందు కండెన్సరు మార్చు, అది చవక. అరగంట ఆగితే రెండూ మళ్లీ మంచివాళ్ల వేషం వేస్తాయి, పట్టుకోవడం కష్టం.

స్పార్కూ పెట్రోలూ రెండూ ఉన్నా బలం లేకపోతే లోపలి సంగతి. ఈ కోలర్లలో చాలావాటికి స్టార్టింగు సులువు కావడానికి ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తి పట్టే ఏర్పాటు ఉంటుంది, అందువల్ల కంప్రెషన్ గేజి తక్కువే చూపిస్తుంది, భయపడకు. ప్లగ్ పెట్టి ఫ్లైవీల్‌ని వెనక్కి చేత్తో తిప్పు, గట్టిగా ఎదురు తోయాలి. మెత్తగా జారిపోతే వాల్వులు చూడు. ఇంజను చల్లగా ఉండగా, పిస్టన్ కంప్రెషన్ చివర పైన ఉన్నప్పుడు ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ, ఎగ్జాస్ట్ 17 నుంచి 20 థౌ. ట్యాపెట్లు (వాల్వుల్ని పైకి తోసే ముక్కలు) తిప్పి సర్దుకునేవే. హెడ్, బ్లాకు మధ్య నల్లగా మసి చారలుంటే గాస్కెట్ పోయింది. హెడ్‌ని అద్దం మీద ఎమరీ పేపరు పరిచి ఎనిమిది ఆకారంలో రుద్దు, 3 థౌ మించి వంగి ఉంటే మార్చెయ్యి. కొత్త గాస్కెట్ వేసి నడిమి నుంచి బయటికి, మెట్లుగా, టార్క్ రెంచితో 30 అడుగు-పౌండ్ల దాకా బిగించు. చేతి అంచనాతో వద్దు.

ఇవన్నీ దాటి రింగుల దాకా ఇంజను విప్పాల్సొస్తే, లోపల బ్యాలెన్స్ గేర్లు (వణుకు తగ్గించడానికి పెట్టినవి) ఉన్నాయేమో చూడు. ఉంటే వాటి బేరింగు అరిగిన నాడు అవి బ్లాకుని పగలగొడతాయి. పాత మెకానిక్కులు తీసేస్తారు, కొంచెం వణుకు పెరుగుతుంది. తీసేయడమే నా మాట. ఫ్లైవీల్‌కి పుల్లర్ వాడు, సుత్తి పడితే క్రాంకు కొన వంకర.

గేర్‌బాక్సులో హై-ట్రాన్ (ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల గేరు ఆయిల్), లెవల్ ప్లగ్ దాకా. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, మార్చు. స్టీరింగ్ లూజూ క్లచ్ పిన్నులూ బండి నడిచాక చూద్దాం, అవి ఇప్పుడు తొందర కాదు.

నువ్వు నాకు రాయాల్సినవి మూడే: తాళం తిప్పుతున్నప్పుడు బ్యాటరీ వోల్టు, ‘ఎస్’ గుర్తు దగ్గర బీప్ ఆగిందా లేదా, రెండు వాల్వుల గ్యాప్. ఆ కిట్టు డబ్బా సీలు మాత్రం అలాగే ఉంచు. రేపు వెనక్కి పంపాల్సి రావచ్చు.

ఇట్లు,
బాబాయి